నోరు మూసుకోవాల్సిన పూట

ఆఫీసులో ఆమెను అందరూ బ్రాకెట్లమ్మ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు సర్వీసు రికార్డులో భద్రంగా ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా ఒక్క క్షణం ఆగి, నన్నేనా అన్నట్టు చూస్తుంది. పక్క సెక్షన్ గుమాస్తా ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరది. వేళాకోళమే అయినా అతికినట్టు సరిపోయింది.

ఆ పేరు వెనక సంగతి చెప్పకపోతే మిగతా కథ బుర్రకెక్కదు. దేశాలన్నీ తమ తమ మనుషుల్ని పంపించి, ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టి, ఆడవాళ్ళ కూలి గురించీ ఆస్తి గురించీ హక్కుల గురించీ ఒక పత్రం రాయిస్తాయి. పేరుకి రాయడమే గానీ అక్కడ జరిగేదంతా కొట్లాట. ఒక దేశానికి ముద్దొచ్చిన మాట ఇంకో దేశానికి గొంతు దిగదు. అలా తెగని మాటకల్లా అటో బ్రాకెట్, ఇటో బ్రాకెట్ తగిలించి పెడతారు. ఆ బ్రాకెట్లను బతిమాలో, బేరమాడో, విసిగించో ఒక్కొక్కటే ఊడబెరకడమే ఆ సమావేశాల్లో జరిగే పని. కార్మిక శాఖ తరఫున ఆ పని చేసేది బ్రాకెట్లమ్మ. శాఖలో మహిళా విభాగం అని ఒకటుంది. విభాగం అంటే ఏ అంతస్తో అనుకునేరు. జిరాక్సు మిషను గదికీ, విరిగిన కుర్చీలు పడేసే గదికీ మధ్య ఇరుక్కున్న ఒక గది. కుర్చీల గదిలో చోటు చాలనప్పుడు రెండు మూడు విరిగినవి ఈమె గదిలోకి కూడా వచ్చి కూర్చుంటాయి.

ఉద్యోగం పిచ్చి ఇంటిదాకా వచ్చింది. కూతురు స్నేహితురాళ్ళతో సినిమాకి వెళ్తానంటే ఆమె ఎప్పుడూ ఒక్క మాటలో సరే అనదు. సరే, చీకటి పడేలోపు వస్తే, ఫోను తీస్తే, టికెట్టు చూపిస్తే అని వరసగా తగిలిస్తుంది. మీ అమ్మ ఒప్పుకుందంటే నమ్మకు, బ్రాకెట్ ఎక్కడ దాచిందో వెతుక్కో అని ఆమె మొగుడు కూతురికి చెబుతుంటాడు. ఆయన మాటకి ఆమె నవ్వుతుంది గానీ, నిజానికి ఆమె బతుకులో నవ్వులాట కాని బ్రాకెట్ ఒకటుంది. దాని మధ్యలో ఆమె సొంత అక్క ఉంది.

అక్క కాజాలు కుడుతుంది. వాళ్ళమ్మా కాజాలే కుట్టింది. మిషను మీద కుట్టే కాజా వేరు, చేత్తో కుట్టేది వేరు. ఖరీదైన కోట్లు వేసుకునేవాళ్ళకు చేతి కాజాలే కావాలి. బట్టను గుండీకి సరిపడా కోసి, కోసిన అంచున పోగులు లేవకుండా ముడి పక్కన ముడి వేసుకుంటూ చుట్టూ తిరిగి రావాలి. నల్ల కోటు మీద నల్ల దారం. ఒక్క ముడి పక్కకి జరిగితే మేస్త్రి కోటు తిరగ్గొడతాడు, ఆ పూట కష్టం గంగపాలు. మేస్త్రి అంటే ఫ్యాక్టరీ నుంచి మూటలు తెచ్చి ఇంటింటికీ వేసి, కుట్టినవి మళ్ళీ ఎత్తుకుపోయే మనిషి. ఆ వీధి వీధంతా ఆయన మూటల మీదే బతుకుతుంది.

చెల్లెలి చదువు కోసం అక్క త్యాగం చేసిందని ఎవరైనా అంటే అక్కకి ఒళ్ళు మండుతుంది. ఆమెకి బడంటే గిట్టేది కాదు. పలక పట్టుకుంటే నిద్ర, సూది పట్టుకుంటే హుషారు. చెల్లెలు ఎదురుగా కూర్చుని ఎక్కాలు అప్పజెబుతుంటే, తప్పు చెప్పినప్పుడల్లా సూది మొన చూపించి బెదిరించేది. అలా బెదిరింపుల మీద చదువుకుని, మొదట టైపిస్టుగా చేరి, పరీక్షలు రాసి, చెల్లెలు మహిళా విభాగం దాకా వచ్చింది. అక్క మాత్రం ఇంటి గుమ్మం దగ్గరే, కుట్టుపని స్టూలు మీదే ఉంది.

కొన్నేళ్ళ కిందట అక్కకి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించడం మొదలైంది. పక్కనుంచి వచ్చే మనిషి దగ్గరికొచ్చేదాకా తెలిసేది కాదు. డాక్టరు చూసి నీటికాసులన్నాడు. కంట్లో ఒత్తిడి పెరుగుతోంది, చుక్కలతో కొన్నాళ్ళు ఆపొచ్చు, ఆపరేషన్ చేస్తే ఉన్న చూపు నిలుస్తుంది, పోయిన చూపు మాత్రం రాదు అని తేల్చాడు. కార్మికుల ఆసుపత్రిలో ఈ ఆపరేషన్ ఉచితం. కార్మికురాలని కార్డుంటే చాలు.

ఆ కార్డు దగ్గరే వచ్చింది చిక్కంతా. కార్డులిచ్చే సంక్షేమ మండలి కౌంటర్లో గుమాస్తా దరఖాస్తు మీద వృత్తి అన్న చోట తానే గృహిణి అని రాసేశాడు. రోజంతా కోట్లు కుడుతున్నాను నాయనా అని అక్క మొత్తుకుంటే, ఇంట్లో చేసేది పనెలా అవుతుందమ్మా, ఫ్యాక్టరీ గేటేది, హాజరుపట్టీ ఏది అన్నాడట. గేటు మా ఇంటి తలుపే, హాజరు సంగతి మా నడుముల్ని అడుగు అని అక్క అక్కడే కడిగిపారేసింది. కడిగినంత మాత్రాన రూలు మారుతుందా? ఆ వీధిలో ఎవరికీ కార్డు రాలేదు.

చెల్లెలు తన పలుకుబడితో మండలిలో ఫైలు కదిలించింది. ఫైలు కదిలి, అన్ని బల్లలూ ఎక్కి దిగి, చివరికి ఒక పెద్దాఫీసరు దగ్గర ఆగింది. అంతర్జాతీయ సమావేశంలో ఈ విషయం తేలితే మన రూలు కూడా మార్చుకుందాం అని రాసి, సంతకం పెట్టి, ఆయన చేతులు దులుపుకున్నాడు. అక్కడ తేలదనే నమ్మకంతోనే అలా రాశాడని అందరికీ తెలుసు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు నవ్వుకున్నారు. బ్రాకెట్లమ్మ ఒక్కతే ఆ సంతకాన్ని నిజమని నమ్మింది.

ఈలోగా అప్పు చేసైనా బయట ఆపరేషన్ చేయిస్తానని ఆమె అక్కను ఎంతో పోరింది. అక్క ససేమిరా అంది.

“ఇన్నేళ్ళు ఊరి మొగాళ్ళందరి కోట్లకీ కాజాలు కుట్టి, కళ్ళు మాత్రం చెల్లెలి అప్పుతో చూపించుకోనా? నా పని మీద నేను చూపించుకుంటా. కార్డు రానీ.”

అది మొండితనమే. కానీ ఆ మొండితనంలో న్యాయం ఉంది కాబట్టి చెల్లెలు గట్టిగా కాదనలేకపోయింది. చుక్కలమందు కొనిచ్చి, కార్డు తెచ్చే బాధ్యత తన నెత్తిన వేసుకుంది.

అలా మొదలైంది ఆ వాక్యం గొడవ. ఇంటి దగ్గర కూలికి పనిచేసే స్త్రీలు కార్మికులే, మిగతా కార్మికులకున్న హక్కులన్నీ వారికీ ఉంటాయి. ఇంతే వాక్యం. చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. అర్థమవుతుంది కాబట్టే ఎవరూ ఒప్పుకోలేదు. ప్రతి సమావేశానికీ ఆ వాక్యం అటూ ఇటూ బ్రాకెట్లతో వచ్చేది, బ్రాకెట్లతోనే ఇంటికి పోయేది. బ్రాకెట్లమ్మ దాన్ని కన్నది కాదు గానీ పెంచింది మాత్రం ఆమే. ఇంకో బాధేమిటంటే, ఆమె తోడుగా వెళ్ళే పెద్ద అధికారులు నిలకడగా ఉండరు. ఒక్కో సారుకి బ్రాకెట్ అంటే ఏమిటో నేర్పి దారికి తెచ్చేసరికి ఆయనకి బదిలీ అయ్యేది. మళ్ళీ కొత్త సారు, మళ్ళీ ఓనమాలు.

ఈసారి వచ్చిన సారును శాఖలో ప్రసంగాల సారు అంటారు. రిబ్బను కనిపిస్తే కత్తెర కోసం, మైకు కనిపిస్తే గొంతు కోసం తడుముకునే మనిషి. నిన్నమొన్నటిదాకా చేపల పెంపకం శాఖలో ఉన్నాడు. అక్కడ చెరువుగట్టున ఆయన ప్రసంగం విని చేపలన్నీ అవతలి గట్టుకి పోయాయని డ్రైవర్లు చెప్పుకునేవారు. మనిషి చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, ఎవర్నీ కసిరి ఎరగడు. తన గొంతు తాను వింటూ ఉండడం ఒక్కటే ఆయనకున్న వ్యసనం. ఆ ప్రసంగాలు రాసిపెట్టేది బ్రాకెట్లమ్మే. ఈసారి కూడా ముందుగానే ఒకటి రాసి ఇచ్చింది. వాక్యం నెగ్గాక, ముగింపు సభలో అందరూ తలా ఒక మాట చెబుతారు గదా, అప్పుడు చదవడానికి. బాగా రాసింది పాపం. మనసు పెట్టి రాసింది.

సమావేశం హాలుకి కిటికీలుండవు. నేలంతా తివాచీ, చెవులకు తగిలించుకునే యంత్రాలు, దేశం పేరున్న పలక, పలకకి ఇద్దరు మనుషులు, ఇద్దరికీ కలిపి ఒక మైకు. బ్రాకెట్లమ్మ ప్రతిసారీ అదే కుర్చీలో కూర్చుని అదే వాక్యం కోసం పలక పలకకీ తిరిగేది. ఈసారి ఎందుకో గాలి మారింది. కిందటిసారి ముఖం తిప్పుకున్నవాళ్ళు ఈసారి కూర్చోమన్నారు. ఒకరికి ఇంకో పేరాలో ఒక మాట వదులుకుంది, మరొకరికి ఒక విశేషణం ఇచ్చుకుంది. చివరికి మిగిలింది ఒకే ఒక్కడు, కోటు పెద్దాయన.

ఆయనది ఇలాంటి వాక్యాలంటేనే మండిపడే దేశం. ఎండైనా వానైనా కోటు విప్పని మనిషి, మాట తూచి మాట్లాడతాడు. వచ్చిన ప్రతిసారీ ఆ వాక్యాన్ని అడ్డుకున్నది ఆయనే. టీ విరామంలో బ్రాకెట్లమ్మ ఆయన వెనకే తిరిగింది. టీ చల్లారినా వదల్లేదు. మా దేశం ఒప్పుకోదని ఆయన, మీ దేశం సంగతి కాదు మీరేమంటారని ఈమె. చివరికి ఆయన చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“ఒప్పుకోమని నాకు ఆదేశం లేదు. ఒప్పుకోను. ఎవరూ నోరెత్తకపోతే నేనూ ఎత్తను. ఒక్కరెత్తినా నాకు తప్పదు, మొత్తం అడ్డుకోవాల్సొస్తుంది. మీ అదృష్టం.”

ఇక్కడ ఆ హాలు పద్ధతి ఒకటి తెలియాలి. తెగీ తెగకుండా ఉన్న పేరాను అధ్యక్షురాలు మౌనం మీద పెడుతుంది. అంటే ఫలానా వేళ దాకా గడువు. ఆ లోపల ఆ పేరా గురించి హాల్లో ఎవరూ మైకు తెరవకపోతే అది నెగ్గినట్టే. ఒప్పుకోనివాడి పరువూ దక్కుతుంది, పనీ జరుగుతుంది. ఎవరు మైకు తెరిచినా మౌనం భంగమైనట్టు, పేరా మళ్ళీ చర్చకు వచ్చినట్టు. తిట్టడానికి తెరిచినా, పొగడడానికి తెరిచినా ఒకటే. మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. ఆ హాల్లో సగంతో పనిలేదు, మౌనమే పూర్తి అంగీకారం. ఊరకున్నంత ఉత్తమం లేదని పెద్దలు ఊరికే అనలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అధ్యక్షురాలు ఆ పేరాను మౌనం మీద పెట్టింది. ఆ పూట సభ ముగిసేదాకా గడువు. బ్రాకెట్లమ్మ ప్రసంగాల సారును నడవాలోకి తీసుకుపోయి విడమరిచి చెప్పింది. సార్, సభ లేచేదాకా ఆ పేరా ఊసు మనం ఎత్తకూడదు, మంచి మాటైనా సరే అని. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఇంతకంటే పెద్ద సమావేశాలు చూశానమ్మా, నాకు తెలియదా అన్నాడు. తెలియదని ఆమెకి తెలుసు. తెలియదు సార్ అని ఎలా అంటుంది? సరే సార్ అని వచ్చి కూర్చుంది.

సభ సాగుతోంది. వేరే పేరాల మీద ఎవరెవరో ఏదేదో మాట్లాడుతున్నారు. ఆ వాక్యం ఊసు ఎవరూ ఎత్తడం లేదు. కోటు పెద్దాయన చేతులు కట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. బ్రాకెట్లమ్మకి అక్క గుర్తొచ్చింది. కార్డు మీద అక్క ఫొటో ఎలా ఉంటుందో, ఆ కౌంటరు గుమాస్తా వృత్తి అన్న చోట ఏమని రాస్తాడో, రాసేటప్పుడు అతను ముఖం ఎలా పెడతాడో అన్నీ ఊహించుకుంది. ఊహించుకోకుండా ఉండాల్సింది. ఇల్లలకగానే పండగ కాదని ఆమెకి తెలియనిది కాదు.

సభ ముగియబోతుండగా వెనక తలుపులు తెరుచుకుని కెమెరాలు వచ్చాయి. ముగింపు సభ కోసం వచ్చినవాళ్ళు తొందరపడి ముందే వచ్చేశారు. వాళ్ళలో మన దేశం టీవీవాళ్ళు కూడా ఉన్నారు. ప్రసంగాల సారు వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. కోటు లోపలి జేబులోంచి మడిచిన కాగితాలు తీశాడు. అవి ఏ కాగితాలో బ్రాకెట్లమ్మకి చూడకుండానే తెలిసింది. వద్దు సార్, ఇప్పుడు కాదు అని చీటీ రాసి ఆయన చేతి కిందకి తోసింది. ఆయన చూసుకోనైనా చూసుకోకుండా దాన్ని కాగితాల కింద పెట్టి, గొంతు సవరించుకుని, మైకు నొక్కాడు.

ఆమె రాసిన ప్రసంగమే. ఇంటి గుమ్మంలో కూర్చుని లోకానికి బట్టలు కుట్టే తల్లుల గురించి, వాళ్ళ కళ్ళ గురించి. నిజం చెప్పాలంటే ఆయన చాలా బాగా చదివాడు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాడు. చెవి యంత్రాల్లో దుబాసీలు కూడా మనసు కదిలేలా చెప్పారు. అధ్యక్షురాలు మధ్యలో ఆపి, తమరు ఏ పేరా గురించి మాట్లాడుతున్నారని అడిగింది. ఆ అడగడంలో ఒక దారి ఉంది. ఏ పేరా గురించీ కాదు, మామూలుగా చెప్తున్నానని అంటే ఆమె వదిలేసేది. ప్రసంగాల సారు కెమెరాల వైపు తిరిగి, ఇంటి దగ్గర పనిచేసే స్త్రీల పేరా గురించే అధ్యక్షా, దాన్ని మా దేశం మనస్ఫూర్తిగా స్వాగతిస్తోంది అన్నాడు.

అధ్యక్షురాలు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, మౌనం భంగమైందని ప్రకటించింది. కోటు పెద్దాయన బ్రాకెట్లమ్మ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ముందే చెప్పాను కదా అన్నట్టుంది. చూసి, తన మైకు నొక్కాడు. ఆయన వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక మరొకరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ అడ్డం పడాల్సినవాళ్ళంతా నోరు కట్టుకుని కూర్చుంటే, వరం కోరుకున్నవాడే వచ్చి అడ్డం పడ్డాడు. ఎవర్నని తిడతారు?

చివరికి వాక్యం ఉండిపోయింది, దానికో తోక తగిలింది. ఆయా దేశాల పరిస్థితులను బట్టి, వీలైనంతవరకు. అంత పెద్ద వాక్యాన్ని ఆ తోక ఎలా పట్టి ఊపుతుందో బ్రాకెట్లమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సభ లేచాక ప్రసంగాల సారు ముఖం వెలిగిపోతోంది.

“చూశావామ్మా, మనం మాట్లాడాక ఎంత చర్చ జరిగిందో. అప్పటిదాకా ఒక్కడికీ దాని మీద శ్రద్ధే లేదు.”

ఆమెకి ఆ కాగితాలు లాక్కుని ముక్కలు ముక్కలు చేయాలనిపించింది. అవి తాను రాసినవేనన్న సంగతి గుర్తొచ్చి ఇంకా మండింది. అవును సార్ అంది.

ఇంటికొచ్చేసరికి పత్రికల్లో ఆయన ఫొటో. మహిళల పక్షాన గళమెత్తిన మన ప్రతినిధి అని శీర్షిక. గళమెత్తిన మాట అబద్ధం కాదు కదా, ఎత్తాడు. శాఖలో అభినందన సభ పెట్టారు, పూలగుత్తి ఇచ్చారు. సభలో ఆయన చదవడానికి నాలుగు మాటలు బ్రాకెట్లమ్మే రాసిపెట్టింది. సంక్షేమ మండలికి వెళ్తే, ఫైలు మీద సంతకం పెట్టిన పెద్దాఫీసరు ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు. పత్రం చూశామండీ, చాలా సంతోషం, అయితే దేశ పరిస్థితులను బట్టి అని ఉంది కదా, మన పరిస్థితులు ఏమిటో తేల్చడానికి ఒక కమిటీ వేస్తున్నాం అన్నాడు. కమిటీకి అధ్యక్షుడెవరని అడిగింది. ఇంకెవరు, ఈ విషయంలో మీ సారును మించిన అనుభవం ఎవరికుంది అన్నాడాయన. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

ఆదివారం పొద్దెక్కాక అక్క ఇంటికి వెళ్ళింది. అక్క గుమ్మంలో వెలుగు పడే చోట స్టూలు మీద కూర్చుని కుడుతోంది. ఒళ్ళో నల్ల కోటు లేదు. చిన్నపిల్లల తెల్ల చొక్కాలున్నాయి. నల్ల కోట్లు నీ వల్ల కావడం లేదని మేస్త్రి అవి ఇవ్వడం మానేసి, కూలి తక్కువుండే ఈ చొక్కాలు వేస్తున్నాడట. ఆ సంగతి అక్క తనంతట తాను చెప్పలేదు, అడిగితే చెప్పింది.

బ్రాకెట్లమ్మ జరిగిందంతా చెప్పింది. మౌనం పద్ధతి చెప్పింది, కోటు పెద్దాయన మాట చెప్పింది, కెమెరాలు, ప్రసంగం, తోక, కమిటీ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. చెబుతూ చెబుతూ ప్రసంగాల సారును నోటికొచ్చినట్టు తిట్టింది. ఇన్నాళ్ళూ దిగమింగిన తిట్లన్నీ అక్క ముందు కక్కేసింది. అక్క అంతా విని, దారం కొరికి, ఒక్కటే అడిగింది.

“ఆ మైకు ఎవరి ముందుంటుందే?”

“ఇద్దరికీ మధ్యలో.”

“మీట ఎటుపక్క?”

బ్రాకెట్లమ్మకి హాలూ బల్లా కళ్ళ ముందు కదిలాయి. సారు నొక్కడానికి ఆమె ముందు నుంచే చెయ్యి చాపాడు.

“నా పక్కే.”

“మరి ఆపేయకపోయావా?”

“సారు మాట్లాడుతుంటే ఎలా ఆపుతానక్కా?”

అక్క కుట్టడం ఆపింది. ఆమెకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

“మేస్త్రి మూట పడేసి రేపటికి కావాలంటే, ఈ వీధిలో ఒక్కతి కూడా కాదనదు. ఎందుకనరే, నోట్లో నాలుక లేదా అని నువ్వొచ్చినప్పుడల్లా మమ్మల్ని తిట్టేదానివి. మేస్త్రి కదే, ఎలా అంటాం అనేవాళ్ళం. నువ్వు పళ్ళు కొరికేదానివి. ఇప్పుడు నేనేం కొరకను?”

చెల్లెలు తిట్టిన మాట నిజమే. చీటీ రాసింది గానీ చెయ్యి చాపలేదు. అదేమంత దూరం, జానెడు. ఆ జానెడు దూరంలో ఉన్నది తన సర్వీసంతా, సరే సార్ అన్న మాటలన్నీ అని ఇప్పుడనిపించింది గానీ, అలా అనుకున్నందువల్ల మనసు తేలికపడలేదు. ఆయన మీద ఉన్న కోపంలో సగం తన మీదకి తిరిగింది, అంతే.

మళ్ళీ ఆ సమావేశం ఎప్పుడని అక్క అడిగింది. రెండేళ్ళకంది. అక్క చొక్కాను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, కుట్టిన కాజాను వేలితో తడిమి చూసుకుంది. చూపుతో చూసుకోవడం ఎప్పుడు మానేసిందో చెల్లెలు గమనించలేదు.

“అప్పు దొరుకుతుందేమో కనుక్కో. చేయించుకుంటా.”

ఆ మాట అక్క నోట రావాలని ఆమె ఏళ్ళ తరబడి బతిమాలింది, ఏడ్చింది, అలిగింది. తీరా వచ్చాక వినలేకపోయింది. వద్దక్కా, కమిటీలో నేనుంటాను, ఏదో ఒకటి చేస్తాను అనబోయింది. అక్క వినిపించుకోలేదు. చొక్కా మడత పెట్టి పక్కన పెట్టింది.

“ఆసుపత్రిలో వృత్తి ఏమిటని అడుగుతారు కదా. గృహిణి అని రాయించు. ఎందుకొచ్చిన గొడవ.”

బ్రాకెట్లమ్మ సరే అంది. ఆ సరేకి వెనక ఆమె ఏమీ తగిలించలేదు.